లివర్‌లో గడ్డ, అరుదైన క్యాన్సర్లు: రిపోర్టు కౌంటర్ దగ్గర రోజూ వినే అపోహలు

నేను పాథాలజిస్టుని, అంటే ఒంట్లోంచి తీసిన ముక్కల్ని పరీక్షించి జబ్బు పేరు చెప్పే డాక్టర్ని, రాజమండ్రిలో పనిచేస్తాను. కోనసీమ నుంచీ భీమవరం వైపు నుంచీ తీసిన లివర్ ముక్కలు మా ల్యాబుకి వస్తుంటాయి. పేషెంటుని నేను చూసేది తక్కువే గానీ, రిపోర్టు కోసం కౌంటర్ దగ్గర నిలబడే తమ్ముళ్లూ అల్లుళ్లూ అడిగే ప్రశ్నలు మాత్రం దాదాపు ఇవే.

అపోహ: మావాడు మందు ముట్టడండీ, వాడికి లివర్ క్యాన్సర్ ఎలా వస్తుంది?

వస్తుంది. లివర్‌లో పుట్టే క్యాన్సర్లలో ఎక్కువ భాగం లివర్ సొంత కణాల్లో పుట్టే హెపటోసెల్యులర్ కార్సినోమా, దానిక్కూడా మందు ఒక్కటే కారణం కాదు. హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, షుగరు, ఒళ్లుతో వచ్చే ఫ్యాటీ లివర్ కూడా కారణాలే, బి వైరస్ అయితే లివర్ గట్టిపడకుండానే క్యాన్సర్ తెచ్చిపెట్టగలదు. ఇక అరుదైన వాటి సంగతి వేరు. ఫైబ్రోలామెల్లార్ కార్సినోమా అని ఒకటుంది, ఎక్కువగా పదేళ్లకీ ముప్పై అయిదేళ్లకీ మధ్య వాళ్లకి, ఏ జబ్బూ లేని లివర్‌లో వస్తుంది. రెండు జన్యువులు తెగి ఒకదానికొకటి అతుక్కోవడం వల్ల ఇది పుడుతుందని 2014లో తేలింది. ఆ మార్పు గడ్డలోనే జరుగుతుంది, అమ్మానాన్నల నుంచి వచ్చేది కాదు. మూడేళ్లలోపు పిల్లలకి వచ్చే హెపటోబ్లాస్టోమా విషయంలో "మేం ఏం తినిపించాం డాక్టరుగారూ" అని తల్లులు ఏడుస్తుంటారు. ఏమీ తప్పు తినిపించలేదమ్మా.

అపోహ: ఏఎఫ్‌పీ నార్మల్ వచ్చింది, కాబట్టి క్యాన్సర్ కాదు

ఏఎఫ్‌పీ అంటే ఆల్ఫా ఫీటోప్రోటీన్, కొన్ని లివర్ క్యాన్సర్లలో రక్తంలో పెరిగే ప్రోటీన్. ఈ ఒక్క రక్తపరీక్ష కాగితం పట్టుకుని ధైర్యం తెచ్చుకుని ఇంటికెళ్లిపోయేవాళ్లు చాలామంది. ఫైబ్రోలామెల్లార్‌లో ఏఎఫ్‌పీ సాధారణంగా నార్మల్‌గానే ఉంటుంది. లివర్ లోపలి పిత్తనాళాల నుంచి వచ్చే కొలాంజియోకార్సినోమాలోనూ, రక్తనాళాల నుంచి వచ్చే యాంజియోసార్కోమాలోనూ అంతే. పైగా పుట్టిన పిల్లలందరికీ ఏఎఫ్‌పీ సహజంగానే ఎక్కువ, నెలలు గడిచేకొద్దీ దిగుతుంది, కాబట్టి మూడు నెలల బిడ్డ రిపోర్టుని పెద్దవాళ్ల అంకెలతో పోల్చి టెన్షన్ పడకండి. పిత్తనాళ క్యాన్సర్ అనుమానంతో చేసే సీఏ 19-9 రక్తపరీక్ష కూడా ఇలాంటిదే, పిత్తనాళంలో రాయి అడ్డుపడి కామెర్లు వచ్చినా పెరుగుతుంది. కొంతమంది ఒంట్లో అది అసలు తయారే కాదు, క్యాన్సర్ ఉన్నా సరే.

అపోహ: ముక్క తీయడానికి గడ్డలో సూది పొడిస్తే కెలికినట్టే, క్యాన్సర్ పాకుద్ది

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే, అందుకే కాస్త వివరంగా చెప్తాను. సిర్రోసిస్ (లివర్ గట్టిపడిపోవడం) ఉన్నవాళ్లలో, ట్రైఫేజిక్ సీటీలో, అంటే రంగుమందు ఎక్కించి మూడు దశల్లో తీసే స్కాన్‌లో, గడ్డ మొదట మెరిసి తర్వాత నల్లబడితే, అంటే రంగుమందు ధమనుల దశలో గబగబా పట్టి తర్వాత వదిలేస్తే, ముక్క తీయకుండానే హెపటోసెల్యులర్ కార్సినోమా అని చెప్పొచ్చు. లివర్ బాగానే ఉండి గడ్డ ఉన్నప్పుడు ఆ లెక్క పనికిరాదు. అరుదైన క్యాన్సర్లు ఎక్కువగా తగిలేది అక్కడే, ముక్క చూడకుండా పేరు పెట్టలేం. సూది దారిలో క్యాన్సర్ కణాలు పడే అవకాశం ఉన్నమాట నిజమే, హెపటోసెల్యులర్‌లో అది నూటికి సుమారు మూడు. జబ్బు పేరు తప్పుగా పెట్టుకుని కీమో ఎక్కించుకోవడంతో పోలిస్తే ఇది చిన్న రిస్కు. కానీ గడ్డ కోసి తీసేయొచ్చనో, లివర్ మార్పిడి చేయొచ్చనో అనుకుంటున్నప్పుడు సూది వేయాలా వద్దా అన్నది ముందు లివర్ సర్జన్ చెప్పాలి, ఎందుకంటే పిత్తనాళం లివర్‌లోంచి బయటికొచ్చే చోట పుట్టే క్యాన్సర్‌లో పొట్ట మీంచి సూది వేస్తే మార్పిడికి అవకాశమే పోవచ్చు. యాంజియోసార్కోమా అనుమానం ఉంటే రక్తం కారే ప్రమాదం కూడా లెక్కేసుకోవాలి.

వచ్చే ముక్క ఎంతుంటుందనుకున్నారు? సేమ్యా పోగంత సన్నం, రెండు సెంటీమీటర్లు వస్తే పండగే. దాన్ని పది శాతం ఫార్మలిన్‌లో, అంటే ముక్క పాడవకుండా కాపాడే ద్రావణంలో వేసి పంపాలి. ఒక్కోసారి మంచినీళ్ల సీసాలోనో సెలైన్‌లోనో వేసి బస్సులో పంపిస్తారు, అది చేరేసరికి కణాలు ఉబ్బి, పాడైపోయి ఉంటాయి, మళ్లీ సూది వేయాలి. రిపోర్టు ఆలస్యమైతే విసుక్కోకండి. ఫైబ్రోలామెల్లార్‌లో గులాబీ రంగు పెద్ద కణాలు, మధ్యలో వరసలు కట్టిన నారలాంటి కణజాలం మామూలు రంగులతోనే కనబడతాయి, అయినా సీకే7, సీడీ68 అనే ప్రత్యేక పరీక్షలు వేసి చూడకుండా సంతకం పెట్టను.

అపోహ: కామెర్లకి పసరు ఉండగా ఆసుపత్రెందుకు?

వైరల్ కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకొస్తుంది. అక్కడితో ఆగితే గొడవే లేదు. నొప్పి లేకుండా కళ్లు పచ్చబడి, ఒళ్లంతా దురద, మలం సున్నంలా తెల్లగా, మూత్రం ముదురుగా వస్తే పిత్తనాళం మూసుకుపోయిందని అర్థం, అది రాయి కావొచ్చు, క్యాన్సరూ కావొచ్చు. పసరు పోయించుకుని, పత్యం పట్టి, చేతి మీద వాత కూడా పెట్టించుకుని నెలా రెండు నెలలు గడిపాక వస్తే, కోసి తీసేయగలిగే దశ దాటిపోతుంది. అల్ట్రాసౌండ్ చేయించడానికి పూట చాలు.

అపోహ: లివర్‌లో మచ్చ కనబడింది, ఇక ఇంటికి తీసుకెళ్లిపోవడమే

ఆ తొందర వద్దు. స్కానింగ్‌లో అనుకోకుండా కనబడేవాటిలో హెమాంజియోమాలు (క్యాన్సర్ కాని రక్తనాళాల గడ్డలు) బోలెడు, వాటి జోలికే పోనక్కర్లేదు. జ్వరం, కుడిపక్క నొప్పి ఉంటే అమీబా వల్ల పట్టిన చీముగడ్డ కావొచ్చు, కల్లు తాగేవాళ్లలో ఇది ఎక్కువే. దానికి మెట్రోనిడజోల్ మందు, అవసరమైతే చీము తీయడం. ఎటొచ్చీ పిల్లల్లో వచ్చే ఎంబ్రియోనల్ సార్కోమా అనే అరుదైన క్యాన్సర్ సీటీలో నీటితిత్తిలా కనబడి, అల్ట్రాసౌండ్‌లో గట్టిగా కనబడుతుంది. రెండు స్కాన్లు రెండు మాటలు చెప్తుంటే దాన్ని తిత్తి అని సరిపెట్టుకోకూడదు.

క్యాన్సర్ అని తేలినా అన్నీ ఒక్కలా ఉండవు. యాంజియోసార్కోమా నెలల్లో ముంచేస్తుంది, మార్పిడి చేసినా తిరగబెడుతుంది కాబట్టి చేయరు. ఎపిథీలియాయిడ్ హెమాంజియోఎండోథీలియోమా అనే ఇంకో రక్తనాళాల క్యాన్సర్ లివర్‌కి రెండు వైపులా గడ్డలతో భయపెట్టినా, కొందరిలో ఏళ్ల తరబడి కదలకుండా ఉంటుంది, లివర్ బయట కొద్దిగా ఉన్నా మార్పిడికి ఆలోచిస్తారు. హెపటోబ్లాస్టోమాకి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు, తర్వాత ఆపరేషన్, చాలామంది పిల్లలు బతికి బడికెళ్తారు. ఆరోగ్యంగా ఉన్న లివర్‌ని మూడింట రెండొంతులు కోసేసినా మిగిలింది పెరుగుతుంది. కొలాంజియోకార్సినోమాకి ముక్కలో ఎఫ్‌జీఎఫ్‌ఆర్2, ఐడీహెచ్1 అనే జన్యువుల్లో మార్పులు చూడమని అడగండి, వాటికి వేరే మాత్రలున్నాయి, ఖరీదు మాత్రం దారుణం.

అపోహ: చేపలు మానేయాలట

ఈశాన్య థాయ్‌లాండ్‌లో చెరువు చేపల్ని పచ్చిగా తింటారు, వాటిలో ఉండే లివర్ ఫ్లూక్ అనే పురుగు వల్ల అక్కడ పిత్తనాళ క్యాన్సర్లు ఎక్కువ. మన పులస పులుసు మరిగే మరుగుడుకి ఏ పురుగూ బతకదు. తినండి.

ఇంకోటి. రిపోర్టు కాగితం ఒక్కటే తీసుకెళ్లి పెద్ద డాక్టరుకి చూపిస్తే సరిపోదు. అరుదైన క్యాన్సర్ అని రాసి ఉంటే స్లైడ్లూ, ముక్కని మైనంలో పోతపోసి ఉంచే బ్లాకూ, సీటీ స్కాన్ సీడీ మూడూ అడిగి తీసుకోండి, మా ల్యాబులోనైనా సరే, మొహమాటపడకండి. విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, ముంబై దాకా పోనక్కర్లేకుండా అక్కడ రెండో అభిప్రాయం తీసుకోవచ్చు. ఫోన్లో తీసిన ఫిల్ము ఫోటోలతో పని జరగదు. బ్లాకుని మాత్రం మే నెల ఎండలో కారు డాష్‌బోర్డు మీద పెట్టకండి, మైనం కరిగిపోతుంది.