రుబ్బినా ముక్క తెలియాలి

ప్రియమైన పిల్లలకు ఆశీస్సులు.

మీలో ఒకరు అడిగారు: "తాతయ్యా, గిటార్ మోడలర్‌లో డిస్టార్షన్ పెట్టి పవర్ కార్డ్ కొడితే అదిరిపోతోంది. అదే సెట్టింగ్‌లో 'ఏ' (A) మేజర్ కార్డ్ పూర్తిగా కొడితే ఏ స్వరమూ విడిగా తెలియట్లేదు, అంతా బురద. మోడలర్ పాడైందా? ఇంకా ఖరీదైనది కొనాలా?"

పాడవలేదు, కొనక్కర్లేదు. కొత్తవాళ్ల కోసం చెబుతున్నా: మోడలర్ అంటే రకరకాల గిటార్ ఆంప్‌ల ధ్వనిని అనుకరించే పెట్టె, డిస్టార్షన్ అంటే ఆ ధ్వనిని గరగరలాడేలా నలపడం, కార్డ్ అంటే కలిపి మోగించే స్వరాలు. ముందు వంటింట్లోకి వెళ్లి దోసకాయ పచ్చడి ఎలా చేస్తారో చూసి రండి.

వేయించిన మిరపకాయలు, చింతపండు, ఉప్పు రోట్లో వేసి మెత్తగా నూరతారు. దోసకాయ ముక్కలు మాత్రం చివర్లో వేసి, పచ్చడిబండతో నాలుగు పోట్లు పొడిచి తీసేస్తారు. నోట్లో పెట్టుకుంటే ముక్క తగలాలి. అన్నీ ఒకేసారి మిక్సీలో వేసి తిప్పేస్తే వచ్చేది ముద్ద. మా రోజుల్లో మిక్సీలు లేవు, చెయ్యి నొప్పెట్టగానే ఆపేసేవాళ్లు, పచ్చడికి అదే మేలైంది.

మోడలర్ మీద గెయిన్ మీట, అంటే ఎంత నలగాలో చెప్పేది, మిక్సీ మీటే. పవర్ కార్డ్‌లో ఉన్నవి మూలస్వరం, దాని పంచమం. అవి మిరపకాయ, చింతపండు లాంటివి, ఎంత నూరితే అంత బాగుంటాయి. మేజర్ కార్డ్‌లో వీటితో గాంధారం చేరిందంటే దోసకాయ ముక్క పడ్డట్టే.

ఎందుకో లెక్క చూడండి. డిస్టార్షన్‌లోకి రెండు స్వరాలు కలిసి వెళితే అవి రెండే బయటికి రావు, వాటి కూడికలూ తీసివేతలూ కూడా పుడతాయి. ఓపెన్ 'ఏ' మేజర్‌లో అయిదో తీగ 110 హెర్ట్జ్, నాలుగోది 164.8, మూడోది 220, రెండోది 277.2 (గాంధారం ఇదే), ఒకటోది 329.6. పక్కపక్కవి తీసేస్తూ పోండి: 54.8, 55.2, 57.2, 52.4. మొదటి రెండూ దాదాపు 55, అంటే అదే 'ఏ' స్వరం ఒక ఆక్టేవ్ (ఒక స్థాయి) కింద. పవర్ కార్డ్‌కు ఆ బరువు అక్కడినుంచే వస్తుంది. మిగతా రెండూ 55 పక్కనే నిలబడి దాన్ని తోస్తుంటాయి. మీరు బురద అన్నది ఆ తోపులాటనే.

ఇక చెయ్యి పెట్టండి. మోడలర్‌తో వచ్చే ప్రీసెట్లు (ముందే చేసిపెట్టిన సెట్టింగ్‌లు) ఒంటరిగా వాయిస్తే ఘనంగా వినపడేలా చేసినవి, గెయిన్ కూడా రివర్బ్ (ప్రతిధ్వని) కూడా ఎక్కువ. వాటిని సరిచేస్తూ కూర్చోకుండా ఖాళీ ప్యాచ్ (కొత్త సెట్టింగ్) తెరవండి. ఒక ఆంప్, ఒక క్యాబ్ (స్పీకర్ పెట్టె అనుకరణ), అంతే. ఫెండర్ ట్విన్ తరహా శుభ్రమైన మోడల్ గానీ, వాక్స్ ఏసీ30 తరహాది గానీ తీసుకోండి. గెయిన్ సున్నా నుంచి మెల్లగా పెంచుతూ, కార్డ్‌ను ఒక్కో తీగగా మీటి వదిలి, అన్నీ మోగుతుండగా రెండో తీగ స్వరం వెతకండి. అది మాయమైన చోట ఆగి, కొంచెం వెనక్కి రండి. చాలా మోడళ్లలో 10కి 3 దగ్గరే ఆగాల్సి వస్తుంది. శబ్దం చాలకపోతే గెయిన్ కాదు, చానల్ వాల్యూమ్ పెంచండి. పాట మధ్యలో ప్యాచ్ మార్చలేకపోతే గిటార్ మీది వాల్యూమ్‌ను 6కో 7కో దించండి, నూరుడు తగ్గుతుంది.

దోసకాయలో నీరు ఎక్కువైతే పిండేస్తారు కదా. గిటార్‌లో ఆ నీరు లావు తీగల బాస్. ఆంప్‌కు ముందు ఒక ఈక్యూ (ఏ శబ్దం ఎంత ఉండాలో సరిచేసేది) పెట్టి 120 హెర్ట్జ్ కింద కోసేయండి. ఆంప్ తర్వాత కోస్తే ఇంత ఫలితం రాదు, అప్పటికే అది మిగతా స్వరాలతో కలిసి నలిగిపోయి ఉంటుంది. ఇంకా మసకగా ఉంటే ఆంప్ తర్వాత 250 నుంచి 400 మధ్య 2, 3 డీబీ తగ్గించండి. ఆంప్‌కు ముందు కంప్రెసర్ ఉంటే ఆపి చూడండి. అది సన్నగిల్లుతున్న స్వరాలను కూడా పైకి లేపి మళ్లీ రోట్లో పడేస్తుంది.

పోపు ఎప్పుడు వేస్తారు? నూరాక. పోపు వేసి నూరే ఇల్లు నేను చూడలేదు. రివర్బ్, డిలే పోపే. డిస్టార్షన్‌కు, క్యాబ్‌కు తర్వాతే పెట్టండి. మిక్స్ 10 నుంచి 15 శాతం దాటితే పాత కార్డ్ తోక కొత్త కార్డ్ మీద పడుతుంది.

క్యాబ్ జల్లెడ. గిటార్ స్పీకర్ 5,000 హెర్ట్జ్ దాటిన శబ్దాన్ని పెద్దగా పలకదు, గరగరంతా అక్కడే ఆగిపోతుంది. హెడ్‌ఫోన్స్‌కో పీఏ సిస్టమ్‌కో వెళ్తుంటే క్యాబ్ ఆన్‌లో ఉండాలి, లేకపోతే కందిరీగ తుట్టెలా వినపడుతుంది. నిజమైన గిటార్ ఆంప్‌లోకి వెళ్తుంటే ఆఫ్ చేయాలి, లేకపోతే రెండుసార్లు జల్లించినట్టై దుప్పటి కప్పినట్టుంటుంది. చాలామంది ఇది ఒక్కటి చూసుకోక మోడలర్‌నే తిడతారు. కొనే ముందు కేబుల్ ఎక్కడికి పోతోందో చూడటం మంచి అలవాటు. టోన్‌ను వాయించబోయే సౌండ్‌లోనే తుది చేయండి. గదిలో మెల్లగా పెట్టి చేసినది స్టేజి మీద పెద్దగా పెడితే బాస్ ఎక్కువగా వినపడుతుంది, మన చెవి తీరే అంత.

గెయిన్ తప్పకుండా కావాలంటే తీగలు తగ్గించండి. అన్నీ కొట్టకుండా 4, 3, 2 తీగల మీద మూడు స్వరాలు చాలు, కింది స్థాయి మూలస్వరాన్ని బాస్ గిటార్ చూసుకుంటుంది. ఎడమ చేత్తో గట్టిగా నొక్కకండి, స్వరం పైకి జరుగుతుంది, ఆ చిన్న తేడాను డిస్టార్షన్ పెద్దది చేసి చూపిస్తుంది. రికార్డింగ్‌లో అయితే ఒక్కో స్వరాన్ని విడిగా వాయించి తర్వాత కలపొచ్చు, వేరువేరు రోళ్లలో నూరినవి కలిస్తే ముద్దవవు. రోలండ్ వాళ్ల జీకే పికప్ (తీగల మోతను అందుకునే పరికరం) ఆరు తీగలనూ విడివిడిగా తీసుకుంటుంది. వీజీ-99 లాంటి పెట్టెల్లో ఒక్కో తీగకు దాని డిస్టార్షన్ దానికే. ఆరు తీగలకు ఆరు రోళ్లు!

ఇంతా చేసి, ఆ గాంధారం తేడాలు 55 దగ్గర ఎందుకు కుదురుగా నిలవవు? గిటార్ ఫ్రెట్లు ఆక్టేవ్‌ను 12 సమాన భాగాలు చేసినవి. ఆ పంపకంలో గాంధారం సహజ స్థానం కన్నా దాదాపు 14 సెంట్లు, అంటే ఒక ఫ్రెట్ దూరంలో ఏడో వంతు, పైకి పడింది. తంబూరాకు గాంధారం తీగే లేదు, అయినా శ్రుతి బాగా కుదిరితే అంతర గాంధారం దానంతటదే మోగుతుంది. సహజమైనది అదే. అది ఎలా పుడుతుందో నేను చెప్పడం కన్నా మీరు వినడమే మేలు.

మోడలర్ క్లీన్‌లో పెట్టి, ఫ్యాన్ ఆపండి. అయిదో తీగ మీద, నాలుగో ఫ్రెట్‌కు వెంట్రుకవాసి వెనక, నొక్కకుండా వేలు ఆనించి మీటి వేలు తీసేయండి. సన్నగా గంటలా 550 హెర్ట్జ్ స్వరం వస్తుంది. అది మోగుతుండగానే ఒకటో తీగను తొమ్మిదో ఫ్రెట్‌లో మీటండి, అది 554.4. రెండూ కలిసి సెకనుకు నాలుగుసార్లకు పైగా అలలా ఊగుతాయి. ఆ అలలు లెక్కపెట్టండి. తర్వాత గెయిన్ పెంచి మళ్లీ వినండి.

ఇట్లు,
మీ తాతయ్య