అమ్మాయిలు బాయి దిగకూడదా? గనుల్లో స్త్రీల గురించి అపోహలు - వాస్తవాలు

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ మొదలైందంటే, గనుల ప్రణాళికలు తయారుచేసే సోమాజిగూడలోని మా చిన్న కార్యాలయానికి తల్లిదండ్రుల ఫోన్లు మొదలవుతాయి. ఈసారి మాట్లాడినాయన బొగ్గు బాయిలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరైన ఓవర్‌మన్, అంటే లోపలి పనులు చూసే సూపర్‌వైజరు. "బిడ్డకు మైనింగ్ సీటొచ్చిందమ్మా. కాని ఆడపిల్లను బాయిల దిగనియ్యరు గదా, రేపు సర్టిఫికెట్ ఎట్ల వస్తది?" అని అడిగారు.

ఆయనను తప్పుపట్టలేను, ఎందుకంటే ఆయన కొలువు చేసిన కాలంలో చట్టం అలాగే ఉండేది. 1952 నాటి గనుల చట్టంలోని 46వ సెక్షన్ స్త్రీలను భూగర్భంలో పనికి పెట్టుకోరాదని, పైన అయితే ఉదయం 6 నుంచి సాయంత్రం 7 వరకే పని ఇవ్వాలని చెప్పింది. 2019 జనవరి 29న కేంద్ర కార్మిక శాఖ ఇచ్చిన నోటిఫికేషన్‌తో ఇది మారింది. నిరంతరం లోపలే ఉండనవసరం లేని సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ పనులకు స్త్రీలు పగటిపూట భూగర్భంలోకి దిగవచ్చని అది చెప్పింది. ఓపెన్‌కాస్టులో, అంటే పైనుంచే తవ్వే గనిలో, రాత్రిపూట కూడా పనిచేయవచ్చని, కాకపోతే వారి రాతపూర్వక సమ్మతి ఉండాలని, కనీసం ముగ్గురు కలిసి ఉండాలని అంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్ అయితే అన్ని సంస్థల్లో, అన్ని రకాల పనులకూ స్త్రీలను తీసుకోవచ్చని స్పష్టంగా చెప్పింది. అయినా "అమ్మాయిలకు బాయి లేదు" అన్న మాట వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. తిప్పేవారిలో మైనింగ్ చదివినవారు కూడా ఉన్నారని చూసినప్పుడు ఒళ్ళు మండుతుంది.

అన్ని అపోహల్లోకీ దీని ఖరీదే ఎక్కువ. గనికి మేనేజర్ కావాలంటే గనుల భద్రతా డైరెక్టరేట్ ఇచ్చే ఫస్ట్ క్లాస్ లేదా సెకండ్ క్లాస్ సర్టిఫికెట్ ఉండాలి, దానికి పరీక్షతో పాటు గని అనుభవమూ లెక్కకు వస్తుంది. భూగర్భ అనుభవం లేనివారికి దక్కేది ఓపెన్‌కాస్టుకు పరిమితమైన సర్టిఫికెట్టే. అంటే పైకప్పుకు ఆధారం ఎక్కడ పెట్టాలో, పని ఎప్పుడు ఆపాలో సంతకంతో చెప్పే అధికారం భూగర్భ గనిలో ఆమెకు రాదు. 2007లో ఆంగ్లో అమెరికన్ సంస్థకు సీఈవోగా వచ్చిన సింథియా కారల్, వరుస మరణాలు చూసి దక్షిణాఫ్రికాలోని రుస్టెన్‌బర్గ్ ప్లాటినం గనులను వారాల తరబడి ఆపించగలిగారంటే, ఆపే అధికారం ఆమె చేతిలో ఉండబట్టే. మన దగ్గర 2021లో జార్ఖండ్‌లోని చూరీ భూగర్భ బొగ్గు గనిలో ఆకాంక్ష కుమారి ఇంజనీరుగా చేరారు. హిందుస్థాన్ జింక్‌లో పనిచేస్తూ ఏ పరిమితీ లేని సెకండ్ క్లాస్ సర్టిఫికెట్ సాధించిన సంధ్య రసకట్ల మన తెలంగాణ అమ్మాయే.

నా చదువు రోజుల్లో శిక్షణకు వెళ్ళిన గనిలో, తోటి అబ్బాయిలు క్యాప్ ల్యాంపులు తగిలించుకుని దిగిపోతే, నేను ల్యాంప్ రూంలో కూర్చుని వాళ్ళ రికార్డులకు బొమ్మలు గీశాను. 2019 తరువాత మొదటిసారి దిగిన రోజున నా కాలికి సరిపడే బూట్లు అక్కడ లేవు. ఉన్నవాటిలో చిన్నది 8వ నంబరు. ముందు భాగంలో దినపత్రిక కుక్కుకుని ఇంక్లైన్ (గనిలోకి దిగే ఏటవాలు దారి) దిగాను. పైకి వచ్చేసరికి కాగితం తడిసి ముద్దయింది, రెండు బొటనవేళ్ళ గోళ్ళూ నల్లబడ్డాయి. చట్టం మారినంత త్వరగా స్టోర్‌లో ఇండెంటు (తెప్పించే సరుకుల జాబితా) మారదు.

ఆడవాళ్ళు దిగితే గనికి అరిష్టమనే మాటకు ఎక్కువ సమయం ఇవ్వను. ఒకప్పుడు మన దేశపు బొగ్గు గనుల్లోకి మొగుడూ పెళ్ళాలు కలిసే దిగేవారు. 1952 చట్టానికి ముందే నిషేధం వచ్చింది. వచ్చాక కూడా, యుద్ధానికి బొగ్గు కావలసివచ్చి 1943లో దాన్ని ఎత్తేసి 1946లో మళ్ళీ పెట్టారు. ఆ మూడేళ్ళూ అరిష్టం సెలవు పెట్టిందనుకోవాలి.

పర్యావరణ బాధ్యత అంటే మొక్కలు నాటడమని, ఆ పని ఒక లేడీ ఆఫీసరుకు అప్పగిస్తే సరిపోతుందని అనుకునేవారు యాజమాన్యాల్లోనే ఉన్నారు. కాని ఆ బాధ్యత రాయి పేల్చడంలోనూ ఉంటుంది. తక్కువ ఫ్రీక్వెన్సీ బ్లాస్టింగ్ ప్రకంపనలు ఊరి ఇళ్ళ దగ్గర సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదు. మేము చూసిన ఒక సున్నపురాయి గనిలో యంత్రం ఎప్పుడూ అంతకన్నా తక్కువే చూపేది, అయినా ఫిర్యాదులు ఆగలేదు. చివరికి అంగన్‌వాడీ టీచరమ్మ చెప్పారు, పిల్లల్ని పడుకోబెట్టే ఒంటిగంట వేళకే పేలుస్తున్నారని. గని బాధ్యురాలిగా ఉన్న ఇంజనీరు వేళ మార్పించిన వారంలోనే ఫిర్యాదులు తగ్గాయి.

మిగిలినవి త్వరగా చెబుతాను. గనుల వల్ల ప్రభావితమైన ఊళ్ళ కోసం ఉన్న జిల్లా మినరల్ ఫౌండేషన్ నిధి కంపెనీ ఇచ్చే దానం కాదు. గనులు, ఖనిజాల చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం పాత లీజులు రాయల్టీలో (ఖనిజానికి ప్రభుత్వానికి కట్టే సొమ్ములో) 30 శాతం, వేలంలో వచ్చినవి 10 శాతం కట్టవలసిందే, మహిళా శిశు సంక్షేమం ఆ ఖర్చు ప్రాధాన్యాల్లో ఒకటి. ఊరివాళ్ళు వెళ్ళకపోతే గని పర్యావరణ అనుమతికి జరిపే ప్రజాభిప్రాయ సేకరణ రద్దవుతుందన్నది కూడా అబద్ధమే, 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం దానికి కోరం (కనీసం ఇంతమంది రావాలన్న లెక్క) అక్కర్లేదు. డ్వాక్రా సంఘాల అక్కలు ఇంటి దగ్గర ఆగిపోతే నీళ్ళ సంగతి ఆ రికార్డులోకి ఎక్కదు.

ఓవర్‌మన్ గారికి చివరగా ఒకటే చెప్పాను. ఉద్యోగంలో చేరేటప్పుడు కాగితాల కట్టలో రాత్రి షిఫ్టు సమ్మతి పత్రం ఉంటే, బిడ్డను అది విడిగా చదివి, తేదీ వేసి సంతకం చేయమని, ఒక ప్రతి తన దగ్గర ఉంచుకోమని. ఆయన పెన్ను వెతుక్కుని అది రాసుకున్నారు.