ఐఎస్‌బీఎన్ కొనకండి, అది ఉచితం

చెన్నైలో తెలుగు రాతప్రతులు సరిచేయడం, ప్రూఫులు దిద్దడం నా వృత్తి. కొత్తగా రాసేవాళ్లు నాకు ప్రతి పంపకముందే అడిగే మాట ఒకటుంది: “కాపీరైట్ తీసుకోకుండా ఎలా ఇవ్వమంటారు?”

అపోహ: రిజిస్టర్ చేయించకపోతే, ఐఎస్‌బీఎన్ అనే పుస్తక సంఖ్య లేకపోతే రచన మనది కాదు.

వాస్తవం: 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం మీరు రాసింది రాసినప్పుడే మీదవుతుంది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. వివాదం వస్తే ఆధారంగా పనికొస్తుంది, అంతే. మనసు ఒప్పుకోకపోతే చేయించుకోండి, రుసుము 500 రూపాయలు. ఐఎస్‌బీఎన్‌కు, హక్కుకు సంబంధమే లేదు. అది పుస్తకాన్ని గుర్తుపట్టే 13 అంకెల సంఖ్య. మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. సొంతంగా ప్రచురించుకునే రచయిత తానే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

పెరంబూరు నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి ఈ రెండింటికీ కలిపి “ప్యాకేజీ” పేరుతో ఒక సంస్థకు పెన్షన్ డబ్బు ధారపోశారు. ప్రూఫులు చూపించే ఖర్చు మాత్రం మిగలలేదు. అచ్చయిన పుస్తకంలో పేజీకో చోట వత్తులు ఎగిరిపోయాయి. ఆయన బాధ అది కూడా కాదు. “ఆ నంబరు లేకపోతే కన్నెమరా లైబ్రరీలో పెట్టుకోరని చెప్పారండీ” అన్నారు. ఎగ్మూరులోని ఆ గ్రంథాలయానికి ప్రతి కొత్త పుస్తకం ఒక కాపీ పంపడం 1954 చట్టం కింద ప్రచురణకర్త బాధ్యత. దానికి ఎవరి ప్యాకేజీ అక్కర్లేదు. పెద్దాయనకు కాఫీ ఇప్పించి, రెండో ముద్రణకు తప్పుల పట్టిక రాసిచ్చాను.

ఇక సినిమావాళ్ల పేట కోడంబాకంలో ఎవరి కథో ఎవరో ఎత్తుకుపోయారన్న పుకారు. ఈ ఊళ్లో అది పాతబడదు, నాకు వినే ఓపిక లేదు. ఆలోచనకు కాపీరైట్ లేదని, దాన్ని చెప్పిన తీరుకే ఉంటుందని సుప్రీంకోర్టు 1978లోనే తేల్చింది. కాబట్టి కథాంశాన్ని బీరువాలో దాచినందువల్ల ఒరిగేదేమీ లేదు. మెయిల్‌లో పంపండి, తేదీ దానంతటదే నమోదవుతుంది.

భయపడవలసింది ప్రచురణకర్త ఇచ్చే ఒప్పందపత్రానికి. “సర్వహక్కులు శాశ్వతంగా” అన్న చోట ఆగి చదవండి. చట్టం అడిగేది రాతపూర్వకమైన బదిలీ. గడువు రాయకపోతే అది అయిదేళ్లకే పరిమితం. శాశ్వతమని రాసిన కాగితం మీద సంతకం పెట్టేశాక నా దగ్గరికి వస్తే నేను చేయగలిగింది తక్కువ.

మిగతావి క్లుప్తంగా. ఇతరులను చదివితే సొంత శైలి చెడుతుందంటారు. ఏమీ చదవనివారి ప్రతులే నా బల్ల మీద అచ్చం ఒకేలా ఉంటాయి. సమాసాలు పేర్చడం ప్రౌఢశైలి కాదు. ఉద్యోగం మానేస్తేనే రాయగలమన్నదీ ఒట్టిదే. కథకు తెలుగు పత్రికలిచ్చే పారితోషికం ఈ ఊళ్లో ఒక నెల అద్దెకు చాలదు, మానకండి.

ప్రతి పంపేటప్పుడు పేజీల సంఖ్యలు వేయండి.