నేను లినక్స్ ఎందుకు వాడతాను: మూడు సిస్టమ్‌ల మీద అపోహలు, వాస్తవాలు

పదిహేనేళ్లుగా సర్వర్లు, ఆఫీసు కంప్యూటర్లు చూసుకోవడమే నా పని. కంప్యూటర్‌ను నడిపించే సిస్టమ్‌లైన విండోస్, మాక్, లినక్స్ మూడింటితోనూ రోజూ పని పడుతుంది. సొంతానికి మాత్రం లినక్సే వాడతాను. అది తెలిసిన వాళ్లు వెంటనే "అయితే మిగతా రెండూ పనికిరావా?" అని అడుగుతారు. పనికొస్తాయి. ఒకదాన్ని ఇష్టపడటానికి ఇంకోదాని మీద లేనిపోనివి నమ్మాల్సిన అవసరం లేదు. అలా నమ్మేవే నాకు ఎక్కువగా వినిపిస్తుంటాయి కాబట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: మాక్‌కి, లినక్స్‌కి వైరస్‌లు రావు.

వాస్తవం: 2012లో ఫ్లాష్‌బ్యాక్ అనే మాల్‌వేర్ సుమారు 6 లక్షల మాక్‌లకు పాకింది. జావాలో ఉన్న ఒక లోపంలోంచి లోపలికి వచ్చింది. లినక్స్ వాళ్లం మనకేం కాదులే అనుకునే రోజులు కూడా పోయాయి. చాలా లినక్స్ సిస్టమ్‌లలో ఉండే ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో (ఫైళ్లను కుదించే కోడ్‌లో) ఎవరో కావాలనే దొంగదారి పెట్టారని 2024 మార్చిలో బయటపడింది. దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి వెళ్లడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ సుమారు అర సెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరుకు అనుమానం వచ్చింది. ఎందుకా అని తవ్వుకుంటూ పోతే అది దొరికింది. ఆయన పనిచేసేది విండోస్ తయారుచేసే మైక్రోసాఫ్ట్‌లో. "మా సిస్టమ్, మీ సిస్టమ్" అని వాదించుకునే వాళ్లకు నేను ముందు ఈ సంగతే చెబుతాను.

అపోహ: వేరే దారి తెలియని వాళ్లే విండోస్ వాడతారు.

వాస్తవం: ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది. పాత ప్రోగ్రామ్‌లను నడిపించడంలో విండోస్ పడినంత శ్రమ మిగతా రెండూ పడలేదు. 1990ల చివర్లో రాసిన 32 బిట్ (పాత తరహా) ప్రోగ్రామ్‌లు చాలావరకు విండోస్ 11లో ఇప్పటికీ తెరుచుకుంటాయి. ఆపిల్ దారి వేరు. 2006లో పవర్‌పీసీ చిప్‌ల నుంచి ఇంటెల్ చిప్‌లకు, 2020లో ఇంటెల్ నుంచి సొంత చిప్‌లకు మారింది. మధ్యలో 2019లో వచ్చిన కాటలినా అనే మాక్ వెర్షన్‌తో 32 బిట్ యాప్‌లను పూర్తిగా వదిలేసింది. మాక్ అంత తేలిగ్గా, చురుగ్గా ఉండటానికి అదీ ఒక కారణం. కానీ పాత యాప్ మీదే బతుకుతున్నవాళ్లకు అది నష్టమే.

నేను చూసే ఒక ఆఫీసులో అకౌంట్స్ పెద్దాయన ఒకరున్నారు. ఆయన వాడే లెక్కల ప్రోగ్రామ్‌ను తయారుచేసినవాళ్లు ఇప్పుడు లేరు. ఇరవై ఏళ్ల ఖాతాలు అందులోనే ఉన్నాయి. ఆయన స్క్రీన్ వైపు చూడకుండానే మీటలు నొక్కుకుంటూ పోతారు. "లినక్స్‌కి మారిపోనా బాబూ?" అని ఒకసారి అడిగితే, వద్దండీ, మీకు విండోసే సరైనది అని చెప్పాను. ఈరోజు అడిగినా అదే చెబుతాను.

అపోహ: వాడేకొద్దీ విండోస్ దానంతటదే నెమ్మదిస్తుంది.

వాస్తవం: కంప్యూటర్ ఆన్ కాగానే వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రామ్‌లు, పాత హార్డ్ డిస్కు. చాలాసార్లు కారణం ఈ రెండే. డిస్కు తీసేసి ఎస్‌ఎస్‌డీ (చిప్‌లతో చేసిన వేగమైన డిస్కు) పెడితే తేడా ఆ రోజే తెలుస్తుంది.

అపోహ: లినక్స్ అంటే నల్ల తెర, కమాండ్లు.

వాస్తవం: ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉన్నదీ లినక్స్ కెర్నలే, అంటే సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగమే. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని టాప్ 500 సూపర్ కంప్యూటర్లన్నీ దాని మీదే నడుస్తున్నాయి. బ్రౌజర్, ఆఫీసు పత్రాలు, వీడియోలతో సరిపోయేవాళ్లకు టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే ఆ నల్ల తెర) తెరిచే పని దాదాపు పడదు. మీ పని ఫోటోషాప్‌లోనైతే మాత్రం లినక్స్ జోలికి రావద్దు. దానికి లినక్స్ వెర్షన్ లేదు.

అపోహ: అప్‌డేట్ల టెన్షన్ విండోస్‌లోనే ఉంటుంది.

వాస్తవం: వాడుకలో ఉన్న ఫైలును విండోస్ సాధారణంగా లాక్ చేస్తుంది. కొత్తది పెట్టాలంటే చాలాసార్లు రీస్టార్ట్ తప్పదు. లినక్స్‌లో తెరిచి ఉన్న ఫైలు స్థానంలోనే కొత్తది పెట్టొచ్చు. నడుస్తున్న ప్రోగ్రామ్ మూసేదాకా పాతదానితోనే నడుస్తుంది. అందుకే రీస్టార్ట్‌లు తక్కువ, కెర్నల్ మారినప్పుడు మాత్రం మామూలుగా తప్పవు. అలాంటి ఒక కెర్నల్ అప్‌డేట్ తర్వాతే నా ల్యాప్‌టాప్‌లో వైఫై పోయింది. సరిగ్గా మీటింగ్‌కు ముందు. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వచ్చే బూట్ మెనూలో పాత కెర్నల్‌ను ఎంచుకుని ఆ రోజుకు గట్టెక్కాను.

అపోహ: స్పీడు, ర్యామ్ లాంటివే అసలు కారణాలు. అలవాటు లెక్కలోకి రాదు.

వాస్తవం: నాకు తెలిసినంతలో అలవాటే అన్నిటికన్నా పెద్ద కారణం. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మాక్‌లో కాపీకి కమాండ్ మీట, బొటనవేలి కిందే ఉంటుంది. టెర్మినల్‌లో కంట్రోల్-సీ నొక్కితే నడుస్తున్న పని ఆగుతుంది, కమాండ్-సీ నొక్కితే కాపీ అవుతుంది. రెండూ ఒకదానికొకటి అడ్డురావు. లినక్స్ టెర్మినల్‌లో కాపీకి కంట్రోల్-సీతో షిఫ్ట్ కూడా కలపాలి. ఈ విషయంలో మాక్ చేసిందే మేలు. నా చెయ్యి మాత్రం లినక్స్ మౌస్‌కు అలవాటు పడింది. మాటను సెలెక్ట్ చేసి, కావాల్సిన చోట మధ్య బటన్ నొక్కితే అక్కడే పేస్ట్ అయిపోతుంది. వేరే సిస్టమ్ ముందు కూర్చున్నా వేలు దానికోసమే వెతుక్కుంటుంది.

ఇంకో కారణం పనికి సంబంధించింది. మాక్, విండోస్ మామూలుగా ఫైలు పేర్లలో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా పట్టించుకోవు, లినక్స్ పట్టించుకుంటుంది. డెవలపర్ మాక్‌లో చక్కగా నడిచిన సైటు, సర్వర్ ఎక్కగానే ఒక్క అక్షరం దగ్గర బొమ్మ కనిపించక ఆగిపోవడం నేను ఎన్నోసార్లు చూశాను. నా సర్వర్లన్నీ లినక్సే కాబట్టి నా బల్ల మీదా అదే ఉంటే ఆ తప్పు ముందే దొరుకుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది లాగ్, అంటే సిస్టమ్ తనలో ఏం జరుగుతోందో రాసుకునే చిట్టా. ఒకసారి నా ల్యాప్‌టాప్ పని మధ్యలో పదేపదే బిగుసుకుపోయింది. లాగ్ తెరిచి చూస్తే, ఫలానా డిస్కులో ఫలానా సెక్టార్ (డిస్కులోని చిన్న గది) చదవలేకపోతున్నానని వరుసగా రాసి ఉంది. ఆ రాత్రే బ్యాకప్ తీశాను. రెండు రోజులకు డిస్కు పోయింది, ఫైళ్లు మాత్రం దక్కాయి. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్, మాక్‌లో కన్సోల్ ఉన్నాయి. అవీ చెబుతాయి. కానీ లినక్స్ కోడ్ ఎవరైనా చూడొచ్చు కాబట్టి, అది చెప్పే వాక్యాన్ని పట్టుకుని, ఆ వాక్యం వచ్చిన కోడ్ దాకా వెళ్లి ఎందుకలా అన్నదో నేను చదువుకోగలను. ఆ ధైర్యం కోసమే దీన్ని వదలలేకపోతున్నాను.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు సపోర్ట్ ముగిశాక "మేమూ మారాలా?" అని అడిగేవాళ్లు పెరిగారు. గత వారంలో మీరు తెరిచిన ప్రోగ్రామ్‌లన్నీ కాగితం మీద రాయండి. వాటిలో ఏది లినక్స్‌లో లేదో చూడండి. లిస్టులో ఏ అడ్డూ కనిపించకపోతే, పెన్‌డ్రైవ్ నుంచే లినక్స్‌ను మొదలుపెట్టి (దీన్నే లైవ్‌గా బూట్ చేయడం అంటారు), ఇన్‌స్టాల్ నొక్కకుండా ఒక సాయంత్రం వాడండి. వైఫై, సౌండ్, ప్రింటర్ పనిచేస్తున్నాయా, మూత వేసి తీస్తే ల్యాప్‌టాప్ నిద్రలేస్తోందా చూసుకోండి. ఈ నాలుగింటిలో ఒక్కటి మొండికేసినా తొందరపడొద్దు.