దిష్టి కాదు, భాస్వరం: షుగర్ గ్లైడర్ వెనుక కాళ్లు ఎందుకు పడిపోతాయి?

తిరుపతి నుంచి ఒక పాఠకురాలు ఈ మధ్య ఒక ప్రశ్న పంపారు. వారి ఇంట్లో పెరుగుతున్న షుగర్ గ్లైడర్ కొన్నాళ్లుగా వెనుక కాళ్లను ఈడ్చుకుంటూ నడుస్తోందట. దిష్టి తగిలిందని ఇంట్లో పెద్దవారు ఉప్పూ ఎండుమిరపకాయలూ దిగదుడిచి పడేశారట. ఆపిల్, ద్రాక్ష, అరటిపండు, వాటితో పాటు రోజూ మీల్‌వార్మ్ పురుగులు పెడుతున్నామనీ, తిండికి ఏ లోటూ చేయలేదనీ, అయినా ఇలా ఎందుకు జరిగిందనీ ఆమె అడిగారు. జవాబు ఆమె రాసిన తిండి జాబితాలోనే ఉంది.

ఈ జీవి ఆస్ట్రేలియా, న్యూగినీ ప్రాంతాలది. చూడటానికి ఉడుతలా ఉన్నా ఉడుతతో దీనికి చుట్టరికం లేదు. కంగారూ లాగా పిల్లను పొట్ట సంచిలో పెంచే జాతి. బరువు 100 నుంచి 150 గ్రాములు. ముందు కాలి నుంచి వెనుక కాలి దాకా సాగే చర్మపు పొరను విప్పుకుని, చెట్టు నుంచి చెట్టుకు 50 మీటర్ల దాకా తేలుతూ వెళ్లగలదు.

కాల్షియం ఎముకలకు మంచిది అని బడిలో ఒక్క వాక్యంతో పాఠం ముగిస్తాం. ఆ వాక్యం తప్పు కాదు గాని, అసలు విషయంలో సగాన్ని దాచేస్తుంది. శరీరంలోని కాల్షియంలో దాదాపు 99 శాతం ఎముకల్లో, పళ్లలో ఉంటుంది. గుండె కొట్టుకోవడానికి, కండరం ముడుచుకోవడానికి, నాడి సంకేతాన్ని అందించడానికి, రక్తం గడ్డకట్టడానికి అక్కరకు వచ్చేది మిగిలిన ఆ ఒక్క శాతమే. రైతు ఇంట్లో గాదె నిండా ధాన్యం ఉన్నా వంటింటికి పూటకు కావలసింది శేరు బియ్యమే. ఆ శేరు ఏ పూటా తప్పకూడదన్నది ఇంటి కట్టుబాటు అయితే, పొలం నుంచి కొత్త ధాన్యం రాని కాలంలో గాదెలోంచి తీయక తప్పదు. పొయ్యి రోజూ వెలుగుతూనే ఉంటుంది గనుక గాదె అడుగంటుతున్న సంగతి బయటివారికి తెలియదు. అందుకే ఇలాంటి జబ్బులో రక్తపరీక్ష చేయిస్తే కాల్షియం మామూలుగానే ఉందని రావచ్చు.

గాదె తాళం మెడలోని పారాథైరాయిడ్ గ్రంథుల చేతిలో ఉంటుంది. తిండిలో కాల్షియం కన్నా భాస్వరం ఎక్కువైతే, అది కాల్షియాన్ని పట్టేసుకుని రక్తంలోకి అందే పాలును తగ్గిస్తుంది. రక్తంలోని అయాన్ రూపపు కాల్షియం కొద్దిగా తగ్గినా ఆ గ్రంథి కణాల పైనున్న గ్రాహకాలు పసిగట్టి, నిమిషాల్లో పారాథైరాయిడ్ హార్మోన్‌ను విడుదల చేస్తాయి. ఆ హార్మోన్ ఎముకను కట్టే ఆస్టియోబ్లాస్ట్ కణాలకు చేరుతుంది. అవి పంపే సంకేతంతో ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్ట్ కణాలు తయారై పనిలోకి దిగుతాయి. అవి ఎముకకు అతుక్కుని, ఆమ్లాన్ని స్రవించి, హైడ్రాక్సీఅపటైట్ అనే ఖనిజాన్ని కరిగిస్తాయి. ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఆ ఖనిజం కాల్షియం ఫాస్ఫేటు గనుక, దాన్ని కరిగిస్తే కాల్షియంతో పాటు ఫాస్ఫేటు, అంటే భాస్వరం, కూడా బయటికి వస్తుంది. తిండిలో భాస్వరం ఎక్కువ కావడం వల్లే మొదలైన కథలోకి మళ్లీ భాస్వరమే వచ్చి చేరుతుంది. అందుకే అదే హార్మోన్ మూత్రపిండాలకు రెండో ఆజ్ఞ కూడా ఇస్తుంది: కాల్షియాన్ని నిలుపుకో, ఫాస్ఫేటును పారబొయ్యి. విటమిన్ డి చివరి రూపాన్ని తయారుచేయించి, పేగు నుంచి ఎక్కువ కాల్షియం లాగించడం దాని మూడో పని. ఒక్క హార్మోన్ మూడు చోట్ల ఇంత పొందికగా పనిచేయడం నాకు ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యంగానే ఉంటుంది. ఇంత చేసినా తిండి మారకపోతే తాళం తెరిచే ఉంటుంది. వెన్నెముక, కటి, తొడ ఎముకలు పలచబడి, చివరికి వెన్నుపూసలు నలిగితే వెనుక కాళ్లు పట్టు తప్పుతాయి.

ఇప్పుడు తిండి లెక్క చూద్దాం. తిండిలో భాస్వరం ఒక పాలు ఉంటే కాల్షియం ఒకటి నుంచి రెండు పాళ్లు ఉండాలి. 100 గ్రాముల మీల్‌వార్మ్‌లలో కాల్షియం సుమారు 17 మిల్లీగ్రాములు, భాస్వరం సుమారు 285. ఆపిల్‌లో 6, 11. ద్రాక్షలో 10, 20. అరటిపండులో 5, 22. అంటే ఆ జాబితాలోని నాలుగు పదార్థాల్లోనూ భాస్వరానిదే పైచేయి. రోజుకు 10 గ్రాముల పురుగులు తింటే కాల్షియం 2 మిల్లీగ్రాములైనా రాదు, భాస్వరం 28 దాటుతుంది. బొప్పాయిలో కాల్షియం భాస్వరానికి రెట్టింపు ఉంటుంది గదా అని దానితో సర్దుదామంటే, 100 గ్రాముల బొప్పాయి ఇచ్చేది 20 మిల్లీగ్రాముల కాల్షియం, 10 మిల్లీగ్రాముల భాస్వరమే. దాదాపు తన బరువంత బొప్పాయి తిన్నా ఆ లోటు తీరదు. అదే కాల్షియం కార్బొనేట్ పొడిలో బరువులో 40 శాతం కాల్షియమే గనుక, సుమారు 70 మిల్లీగ్రాముల పొడితో పురుగుల లెక్క సమానమవుతుంది. ఇది లెక్క కోసం చెప్పిందే గాని మోతాదు కాదు. పొడితో పాటు ఇచ్చే విటమిన్ డి3 ఎక్కువైతే మెత్తటి అవయవాల్లో కాల్షియం పేరుకుంటుంది.

కాళ్లు ఈడుస్తున్న జీవిని ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకుండా పశువైద్యులకు చూపించి ఎక్స్‌రే తీయించాలి. తిరుపతిలో 1955 నాటి పశువైద్య కళాశాల ఉంది. పశువైద్య విశ్వవిద్యాలయం కూడా ఇక్కడిదే. సుమారు 30 శాతానికి మించి ఖనిజం పోతే గాని ఎముక పలచబడిన సంగతి ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపించదు గనుక, కనిపించిందంటే జబ్బు చాలాకాలంగా సాగుతున్నట్టే లెక్క. పంజరంలోని పరుగు చక్రం, ఎత్తైన కొమ్మలు తీసేసి, పొట్టి పంజరంలో కదలికలు తగ్గించి, వైద్యులు చెప్పిన కాల్షియం ఇస్తే, వెన్నుపూస విరగని పక్షంలో కోలుకునే అవకాశం బాగానే ఉంటుంది. దిష్టి తీయడం వల్ల జీవికి హాని లేదు; ఆ నమ్మకంతో గడిచిపోయే రోజుల వల్ల ఉంది.

మరి అడవిలోనూ అది పురుగులు తింటుంది గదా, అక్కడ ఈ జబ్బు ఎందుకు రాదు? అడవిలో అది పండ్ల మీద బతికే జీవి కాదు. కింది పళ్లతో యూకలిప్టస్ బెరడును గాటుపెట్టి కారే రసం తాగుతుంది, పూల తేనె, పుప్పొడి తింటుంది, తుమ్మ జాతి చెట్ల జిగురు నాకుతుంది. మన చిత్తూరు పొలం గట్ల మీద కనిపించే నల్లతుమ్మకు అక్కడి తుమ్మలు బంధువులే. తుమ్మ జిగురు రసాయనికంగా ఒక సంక్లిష్ట చక్కెర ఆమ్లానికి చెందిన కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం లవణం. మనుషుల ఎంజైములకు అది అరగదు. గ్లైడర్ పేగులో మాత్రం సీకం అనే భాగం బాగా పెద్దది. అక్కడి సూక్ష్మజీవులు జిగురును పులియబెట్టి విడగొడతాయి. పురుగులో భాస్వరం, జిగురులో కాల్షియం: రెండూ ఒకే రాత్రి భోజనంలో కలుస్తాయి. మనం పురుగును ఉంచి జిగురును తీసేసి, ఆ ఖాళీలో ఆపిల్ పెట్టాం.

చిత్తూరు జిల్లావారు వెంటనే రాగుల సంగతి అడుగుతారు. రాగుల్లో 100 గ్రాములకు సుమారు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నమాట నిజమే. అయితే వాటిలోని ఫైటిక్ ఆమ్లం ఆ కాల్షియాన్ని కొంత పట్టేసుకుంటుంది. పైగా పిండిపదార్థం ఈ జీవికి అలవాటైన తిండి కాదు. సంగటి మనం తిందాం, దానికి పెట్టవద్దు. జంతుప్రదర్శనశాలల్లో వాడే పద్ధతిని అనుసరించి తేనె, ఉడికించిన గుడ్డు, ప్రోటీన్ ఉన్న పసిపిల్లల ఆహారం, విటమిన్-ఖనిజాల పొడి కలిపిన మిశ్రమం రోజువారీ తిండిలో ప్రధాన భాగంగా ఉండాలి. మామిడి మన దగ్గర ఎంత విరివిగా దొరికినా రుచికి ఒక ముక్క చాలు.

పంజరం వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువగా, చువ్వల మధ్య సందు 1.25 సెంటీమీటర్లకు మించకుండా ఉండాలి. జింకు పూత పూసిన తీగ వద్దు. మే నెలలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. 32 దాటితేనే దీనికి వడదెబ్బ భయం మొదలవుతుంది గనుక, వేసవిలో చల్లటి గది ఏర్పాటు చేయలేనివారు ఈ జీవిని తెచ్చుకోకూడదని నా అభిప్రాయం. ఒంటరిగా పెంచడం అంతకన్నా తప్పు. గుంపుగా బతికే ఈ జీవి తోడు లేకపోతే తన బొచ్చు తానే పీక్కుని, తోకను కొరుక్కునే స్థితికి వస్తుంది.

మచ్చిక విషయానికి వస్తే, దీనికి గుర్తింపు అంటే వాసన. పెద్ద మగది తన నుదుటి మీది గ్రంథిని తోటివాటి ఒంటికి రుద్ది గుంపు మొత్తానికి ఒకే వాసన పూస్తుంది. ఆ వాసన లేనిది పరాయిది. మగదాని నుదుటి మీద బొచ్చు లేని మచ్చ ఆ గ్రంథే గాని, చాలామంది భయపడుతున్నట్టు చర్మవ్యాధి కాదు. కాబట్టి మీరు ఒకరోజు కట్టుకున్న నూలు గుడ్డ ముక్కను ఉతకకుండా దాని నిద్ర సంచిలో పెట్టండి. సంచులన్నీ ఒకేసారి ఉతకవద్దు. పంజరాన్ని అగరుబత్తి పొగకూ సెంటు వాసనకూ దూరంగా ఉంచండి. పగలు అది నిద్రపోయే సమయంలో సంచిని మెడకు వేలాడదీసుకుని మీ పని మీరు చేసుకోవచ్చు. మొదట్లో చెయ్యి పెట్టగానే మర తిరిగినట్టు గరగరమని అరుస్తుంది. అది కోపం కన్నా భయం. ఆ అరుపు విని చెయ్యి లాగేస్తే అరిస్తే పోతుందని నేర్చుకుంటుంది గనుక, కదలకుండా చెయ్యి అక్కడే ఉంచి, అరుపు ఆగాక వేలికి కాస్త తేనె రాసి అందించాలి.