వీధిదీపం మారింది, గొడవ మొదలైంది

ఆ బస్టాండు గోడ మళ్లీ వార్తల్లోకొచ్చింది. తెల్లవారుజామున మూటలు పక్కన పెట్టుకుని బొంబాయి బస్సు కోసం నిలబడ్డ పాలమూరు లేబర్ బొమ్మ ఉన్న గోడే. గోడ అడుగున రంగులు మారే లైట్లు బిగించడంతో, బొమ్మ వేసిన పెయింటర్లు పోయిన వారం మళ్లీ అభ్యంతరం చెప్పారు. ఊరి పేరు రాస్తే ఇది ఒక్క ఊరి గొడవ అయిపోతుంది, అందుకే రాయడం లేదు.

ఫ్లెక్సీలు వచ్చి బోర్డు ఆర్టిస్టుల పొట్ట కొట్టిన కథ అందరికీ తెలిసిందే. దాన్ని వదిలేద్దాం. నా లెక్కలో అసలు మలుపు 2015 జనవరి 5. వీధిదీపాలను ఎల్‌ఈడీలుగా మార్చే జాతీయ కార్యక్రమాన్ని కేంద్రం ఆ రోజే ప్రారంభించింది.

గోడ బొమ్మకూ దానికీ ఏం సంబంధం? పాత సోడియం లైటు కింద ఎవరి చొక్కా ఏ రంగో చెప్పగలిగేవాళ్లమా? రంగుల్ని ఉన్నదున్నట్టు చూపించడంలో దీపాలకు 100కి మార్కులు వేస్తే, మామూలు సోడియం దీపానికి 25 దాటడం కష్టం. వీధుల్లో పెట్టే తెల్ల ఎల్‌ఈడీకి 70, అంతకన్నా ఎక్కువే వస్తాయి. సోడియం వెలుగులో నీలం చీర నల్లగా, మిగతాదంతా బెల్లం రంగులో కనిపించేది. పొద్దుగూకితే బొమ్మ పని అయిపోయినట్టే. తెల్ల లైటు వచ్చాక దానికి రెండో షిఫ్టు మొదలైంది. బజ్జీల బండి దగ్గర నిలబడ్డవాళ్లు గోడ మీది మనుషుల్ని పరీక్షగా చూడటం, వాళ్ల పక్కనే నిలబడి సెల్ఫీ దిగడం అప్పటినుంచే.

మరుసటి ఏడాది స్వచ్ఛ సర్వేక్షణ్ ర్యాంకులొచ్చాయి, పట్టణాలు గోడలకు రంగులేయించడంలో పోటీ పడ్డాయి. హైదరాబాద్‌లో ఎం.ఎస్. మక్తా ఇళ్ల గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వెలిసిందీ ఆ రోజుల్లోనే. మన వైపు పని చదరపు అడుగు లెక్కన సాగింది. ముఖానికీ, వెనక ఉన్న ఆకాశానికీ ఒకటే రేటు.

గోడ మీద మనిషిని గీసేవాడు ముందు చూసేది వెలుగు ఎటునుంచి పడుతుందో. ఈ బొమ్మలో ఎడమ పక్క పైనుంచి పొద్దు పొడుస్తున్నట్టు పెట్టారు. చెంపల మీద పసుపు, కళ్ల కింద, గడ్డం కింద ఊదా నీడ. నలుపు వాడితే నీడ చచ్చిపోతుందని వాళ్లకు తెలుసు. వీధిదీపం కూడా పైనుంచే కాబట్టి రాత్రిపూట కూడా లెక్క తప్పలేదు. కొత్త లైట్లు నేలమీంచి పైకి కొడుతున్నాయి. కాళ్ల దగ్గర మండిపోయే వెలుగు ముఖాల దాకా చేరేసరికి సన్నబడుతోంది, ప్లాస్టరు గరుకంతా బయటపడుతోంది. ఎర్ర లైటు వెలిగితే ఆకుపచ్చ చీరలు నల్లబడతాయి. నీలం వెలిగితే పసుపు చెంప మసకబారి, ఊదా నీడ తేలుతుంది. వెలుగు ఉండాల్సిన చోట నీడ, నీడ చోట వెలుగు! నల్గొండ పక్కన పానగల్లులో, ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో పగలంతా కదలని నీడను చూసిన జనానికి, దీపం ఎక్కడ పెట్టాలో ఒకరు చెప్పాలా?

జనం వస్తున్నారు, ఊరు వెలుగుతోంది అన్నది అధికారుల మాట. ప్రొజెక్టర్లతో గోడల నిండా వేసిన బొమ్మలు చూసేవాళ్లను చుట్టూ కమ్ముకునే హాళ్ల ముచ్చట కూడా ఎత్తుతున్నారు. 2018లో ప్యారిస్‌లో ఒక పాత ఇనుప ఫౌండ్రీలో అలాంటిది తెరిచిన మాట నిజమే. కానీ అక్కడుండేది నాలుగు గోడల మధ్య చీకటి. బస్టాండు ముందు ఆటోల లైట్లు, సెల్‌ఫోన్ షాపు బోర్డులు ఉండగా ఆ చీకటి ఎక్కడినుంచి తెస్తారు?

పెయింటర్లు లైట్లు పీకేయమనడం లేదు. తెల్లవే పెట్టండి, పైనుంచి వేయండి అంటున్నారు. ఒక్క రాత్రి రంగుల లైట్లు ఆపి, వీధిదీపం వెలుగులో బొమ్మను చూడటానికి రమ్మని అధికారుల్ని పిలిచారు. ఆ రాత్రి ఎప్పుడన్నది ఇంకా తేలలేదు.