హార్మోడియస్ సోదరి మోయని బుట్ట

ప్రాచీన గ్రీకు నగరం ఏథెన్స్‌కు చెందిన హార్మోడియస్, అరిస్టోగీటన్‌ల కథ నవలకెక్కిన ప్రతిసారీ పాత తగవే లేస్తుంది. వాళ్లను ప్రేమికులుగా చూపితే ఏథెన్స్ స్వాతంత్ర్య పోరాటం చిన్నబోతుందని ఒక వర్గం, ప్రేమను దాచి విప్లవవీరులుగా నిలబెడితే చరిత్రను కప్పిపెట్టినట్టని మరో వర్గం. నియంత పిసిస్ట్రాటస్ ఎలా గద్దెనెక్కాడో, అతని కొడుకు హిప్పార్కస్ క్రీ.పూ. 514లో ఎథీనా దేవత పండుగైన పానథీనియా నాడు వీరి చేతుల్లో ఎలా హతమయ్యాడో చాలామందికి తెలుసు. అంతకు ముందే ఒక ఆడపిల్లను ఊరేగింపు నుంచి వెనక్కి పంపేశారు. తగవు తేలేది అక్కడే.

గ్రీకు చరిత్రకారుడు థ్యూసిడిడీస్ చెప్పిన ప్రకారం, హిప్పార్కస్ యువకుడైన హార్మోడియస్‌ను కోరుకున్నాడు. హార్మోడియస్ కాదని, ఆ సంగతి అరిస్టోగీటన్‌కు చెప్పాడు. అరిస్టోగీటన్ మధ్యతరగతి పౌరుడు. పిసిస్ట్రాటస్ తర్వాత పాలకుడైన హిప్పియాస్ తమ్ముడు హిప్పార్కస్ తన ప్రియుణ్ని బలవంతాన లాక్కుంటాడేమోనని భయపడ్డాడు. ప్రభుత్వాన్ని కూల్చాలన్న ఆలోచన అతనికి పుట్టింది అప్పుడే. రెండోసారి కూడా భంగపడిన హిప్పార్కస్ బలప్రయోగానికి దిగలేదు. హార్మోడియస్ సోదరిని ఊరేగింపులో పూజాద్రవ్యాల బుట్ట మోయడానికి రమ్మని, ఆమె వచ్చాక అర్హత లేదంటూ, అసలు పిలవనే లేదంటూ పంపించేశారు.

ఆ బుట్ట మంచి కుటుంబాల కన్యలకే దక్కే గౌరవం. దాన్ని ఊరందరి ఎదుట లాక్కోవడమంటే ఇంటి పరువు మీదే మచ్చ వేయడం. ఆ మచ్చ గురించి ఎవరికి మొరపెట్టుకోవాలి? నగరం పాత చట్టాలతోనే నడిచేదని, పదవుల్లో మాత్రం ఎప్పుడూ తమవాడొకడు ఉండేలా పిసిస్ట్రాటస్ కుటుంబం చూసుకునేదని థ్యూసిడిడీసే రాశాడు. న్యాయం అడిగే గడప లేని చోట ప్రేమికుడి కోపం రాజద్రోహం కాక మరేమవుతుంది?

క్రీ.పూ. 415లో హెర్మెస్ దేవుడి విగ్రహాలు ధ్వంసమై, ఏథెన్స్ వాసులు అనుమానంతో ఒకరినొకరు జైళ్లకు పంపుతున్న రోజుల గురించి చెబుతూ థ్యూసిడిడీస్ ఈ పాత కథ ఎత్తుకున్నాడు. ప్రేమ వ్యవహారమే దీనికి మూలమని తేల్చాడు. వీరగాథను తగ్గించాలన్నది అతని ఉద్దేశం. కానీ అతను పొందుపరిచిన వివరాలే ప్రేమనూ రాజకీయాన్నీ విడదీయనివ్వవు. అరిస్టాటిల్ పేరిట ఉన్న ఏథెన్స్ రాజ్యాంగ గ్రంథం హిప్పార్కస్ బదులు అతని తమ్ముడు థెస్సాలస్‌ను దోషిగా చెబుతుంది. దోషి పేరు మారినా బుట్ట కథ మారలేదు.

మొదటి వర్గం మాట కూడా చెప్పాలి. ఏథెన్స్ ఈ ఇద్దరికీ కంచు విగ్రహాలు నిలిపింది. క్రీ.పూ. 480లో పర్షియా రాజు జెర్క్సీస్ వాటిని ఎత్తుకుపోతే, మూడేళ్లకే కొత్తవి చేయించింది. నగరానికి సమాన చట్టం తెచ్చింది వీరేనని విందుల్లో పాడుకున్నారు. మనకు మిగిలిన ఆ పాటల్లో సోదరి ఊసే లేదు. నిజానికి అసలు పాలకుడు హిప్పియాస్ ఆ తర్వాత నాలుగేళ్లు మరింత కఠినంగా ఏలాడు. క్రీ.పూ. 510లో అతణ్ని తరిమింది స్పార్టా సైన్యం.

ఆ విగ్రహాలకు రోమన్లు చేయించుకున్న నకలు నేపుల్స్ మ్యూజియంలో ఉంది. అందులో ఇద్దరు మగవాళ్లు పక్కపక్కనే దూకుతుంటారు. ఆ అమ్మాయి పేరు థ్యూసిడిడీస్ రాయలేదు, అరిస్టాటిల్ గ్రంథంలోనూ లేదు. నవల రాసేవారే ఆమెకు పేరు పెట్టుకోవాలి.